నూలు చుట్టిన బోల్టు

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. తెలుగు చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. గుడియాత్తంలో మా నేతవీధి నిండా ఇదే కథ: నోటికి తెలుగు, బడికి తమిళం, పెళ్లిలో పాటలకి రెండూ. కాబట్టి మా మామ గురించి ఇక్కడ నేనేం రాసినా ఆయన చదివే ప్రమాదం లేదు. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం ప్రతి వాక్యానికీ ఆయన దగ్గర ఒక ఎదురుమాట ఉంటుంది. ఆ గుణం నాకు ఆయన వైపు నుంచే వచ్చింది. ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. తర్వాత నన్ను తన కొడుక్కి చేసుకుని మామగారయ్యాడు. మేనమామ ఇంటికే కోడలిగా వెళ్లినదానికి ఒక సుఖం ఉంది. నోరు మూసుకోమని ఎవరూ చెప్పరు. చెప్పినా అది వినదని వాళ్లకి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మాది మగ్గాల ఇల్లు. కొన్ని మగ్గాలు మా వసారాలోనే ఉన్నాయి, మరికొన్ని మేము నూలిచ్చి నేయించుకునే ఇళ్లలో ఉన్నాయి. లుంగీలు తయారయ్యాక వేలూరు అంగళ్లకి చేర్చాలి. దానికోసం మామ తన నడివయసులో ఒక డీజిలు వ్యాను కొన్నాడు. కొన్ననాడే అది పాతది, ఇప్పుడు దాని వయసడగడం మర్యాద కాదు. కళ్లకి పొర కమ్మేదాకా ఆయనే నడిపాడు. తర్వాత నడపాల్సింది మా బావ, అంటే నా భర్త. ఆయన ధైర్యం స్కూటరు దగ్గరే ఆగిపోయింది. ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకునే మనిషి. అలా తాళంచెవి నా చేతికొచ్చింది.

సోమవారం, గురువారం మూటలు వెనక వేసుకుని పళ్లికొండ మీదుగా వేలూరు వెళ్తాను. రంగు వెలిసిందనీ బట్ట వెడల్పు పన్నా తగ్గిందనీ అంగడివాళ్లు చెప్పే సాకులకి నిలబడి సమాధానం చెప్తాను. నాకు ఇంతకన్నా ఇష్టమైన పని లేదు. వేలూరులో డిగ్రీ చదువుకుని, గుడియాత్తం వచ్చి కండెలు చుట్టినదాన్ని నేను. ఆ వ్యానులో కూర్చున్నంతసేపూ కాఫీ యాడ అని గానీ, చొక్కా యాడ అని గానీ ఎవరూ నన్ను పిలవరు. స్టీరింగు గురించి రాయబోతూ ఇదంతా ఎందుకంటే, నేను పోగొట్టుకోబోయింది ఏమిటో ముందు తెలియాలి.

వదులు ఒక్కరోజులో రాలేదు. మొదట వేలెడు, తర్వాత బెత్తెడు. చివరికి స్టీరింగుని జానెడు తిప్పితే గాని ముందు చక్రాలకి కబురు అందేది కాదు. కబురు అందాక అవి కావలసినదానికన్నా ఎక్కువ వినేవి, అప్పుడు మళ్లీ ఇటు లాగాలి. తిన్నటి రోడ్డు మీద కూడా నా చేతులు అటూ ఇటూ ఆడుతూనే ఉండేవి. దాన్ని నేను నేర్పు అనుకునేదాన్ని. ఆ బండి నాకొక్కదానికే లొంగుతుందని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. దీపావళి నెల ఐప్పసిలో వానలు మొదలైతే బండి దానంతట అదే బాగుపడేది. చలికాలమంతా బుద్ధిగా పోయేది. ఎండలు ముదిరేకొద్దీ మళ్లీ వంకరలు. నేను చెప్పినప్పుడల్లా, ఆ చూద్దాంలే అని ఇంట్లో మగవాళ్లు వానల దాకా జరిపేవారు. వానల్లో చూస్తే ఏమీ లేదు. "ఏమ్మే, బండికి కూడా నీ మాదిరి ఎండాకాలం కోపం వస్తాదా?" అని మామ నవ్వేవాడు. ఏటేటా ఇదే. ఏ వాదంలోనూ ఓడిపోని నేను ఈ ఒక్కదాంట్లో గెలవలేకపోయాను. సాక్ష్యం చూపించాల్సిన సమయానికి సాక్షి మాట మార్చేసేది మరి.

మొన్న మే నెల కత్తిరి ఎండల్లో పళ్లికొండ దగ్గర సంగతి తేలిపోయింది. ఎదురుగా బస్సు వస్తే ఎడమకి తిప్పాను. బండి ముందు వినలేదు, తర్వాత ఒక్కసారిగా విన్నది. రోడ్డు పక్కన పోసిన ఎళనీరు గుట్టలోకి ముందు చక్రం దూరింది. దేవుడి దయ, మనుషులెవరికీ ఏమీ కాలేదు. లేత కొబ్బరికాయలు మాత్రం రోడ్డంతా దొర్లాయి. అమ్మే ఆవిడ చేతిలో కత్తితోనే లేచి, తమిళంలో మా వంశాన్నంతా కడిగి ఆరేసింది. నేనూ బదులిచ్చాను గానీ, తప్పు బండిదా నాదా అన్నది నాకే తేలనప్పుడు తిట్లలో పస ఉండదు. కాయలు ఏరి, ఆవిడకి నష్టం కట్టి, ఇంటికొచ్చేసరికి వార్త నాకన్నా ముందే వచ్చి కూర్చుంది.

మామ వసారాలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఉన్నాడు. చూపు సగమే అయినా, ఆయన చేతులకి కళ్లతో పని లేదు.

"బండి వంకర పోయింది మామా," అన్నాను.

"బండి యాడ వంకర పోతాది? పట్టినోళ్ల చెయ్యి పోతాది."

"స్టీరింగులో ఇంత వదులుండాది. నువ్వే వచ్చి పట్టి చూడు."

"దాంట్లో వదులు లేదు. దాన్ని నేను ఎప్పుడో సరిజేసినాను."

"ఎప్పుడు? ఏం జేసినావు?"

"జేసినానంటే జేసినాను. నీకు వాంగ్మూలం ఇయ్యాల్నా?"

మా బావ గడప మీద నిలబడి, గొంతు సవరించుకుని, నావైపు కాకుండా మగ్గం వైపు చూస్తూ చెప్పాడు. "అరక్కోణంలో ఒక డ్రైవరుండాడంట. అమాస పోయినాక రమ్మన్నాను. వాడు బండి తోల్తే నేను పక్కన కూర్చుని పోతాను. నీకు కూడా వయసయితాండాది గదా."

"నాకయితే నీకు కాలేదా బావా? ఇద్దరం ఒకే ఏడు పుట్టినాం."

"నేను బండి తోల్తాననలేదే."

మా బావ అరుదుగా మాట్లాడతాడు, మాట్లాడితే ఇట్లాగే చిక్కుముడి వేసి పోతాడు.

అమావాస్య దగ్గర్లోనే ఉంది. అది దాటితే నేను ఇంట్లో కూర్చుని నూలు తూస్తుంటాను, అంగడివాళ్లు మా బావ మెత్తదనం చూసి మూటకి ఇన్ని చొప్పున లుంగీలు తిప్పి పంపుతుంటారు. కాబట్టి తేల్చుకోవలసింది ఒకటే. వదులు నా చేతిలో ఉందా, బండిలో ఉందా. నా చేతిలోనే ఉంటే తాళం ఇచ్చేస్తాను అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

మరునాడే మా వీధి చివర మెకానిక్కు దగ్గరకి తీసుకెళ్లాను. స్టీరింగు కడ్డీ కింది కొసన ఒక ఇనప పెట్టె ఉంటుంది. మనం తిప్పే తిప్పుడు అక్కడి నుంచే చక్రాలకి మళ్లుతుంది. దాని మీద ఒక స్క్రూ ఉంది. ఆయన వంగి దాన్ని బలంగా బిగించి, చేతులు తుడుచుకుని, అయిపోయిందన్నాడు. వదులు కాస్త తగ్గింది, కానీ మలుపు తిరిగాక స్టీరింగు తిరిగి రావడం మానేసింది. ఎక్కడ వదిలితే అక్కడే అలిగి కూర్చుంటోంది. వెనక్కి తెచ్చాను.

"ఇదేమప్పా, రాగులు విసిరే రాయి మాదిరి ఉండాది?"

"వదులు వద్దంటిరి గదక్కా."

"వదులు వద్దంటే ఊపిరాడకుండా కట్టమన్నానా?"

ఆయన్ని అని లాభం లేదు. ఆయనా మా నేతవాళ్ల బిడ్డే. మా వీధిలో వదులుకి ఒక్కటే మందు తెలుసు. పడుగు వదులైతే బిగించు, తాడు వదులైతే బిగించు, పిల్లవాడు వదులుగా తిరుగుతుంటే పెళ్లి చేసి బిగించు. వదులు ఎక్కడ పుట్టిందో వెతకాలని ఎవరికీ తోచదు. మగ్గం ముందు కూర్చుంటే అంతా కళ్లెదుటే ఉంటుంది కాబట్టి వెతికే అవసరం రాలేదేమో. స్క్రూని మునుపున్నట్టే వదులు చేయించుకుని, గురువారం బాగాయం దారి పట్టాను. అక్కడ పాత డీజిలు బండ్లు చూసే షెడ్డు ఒకటుంది. తీర్పు వినడానికి మా బావ ముందు సీట్లో ఎక్కాడు. తన బండిని పరాయివాడు ముట్టుకుంటాడని మామ వెనక సీట్లో ఎక్కాడు. దారి పొడుగునా నేను కొంచెం కదిలిస్తే చాలు, వెనక నుంచి "అదో, అదో" అంటూనే ఉన్నాడు.

షెడ్డు మెకానిక్కుదీ మా తెలుగే. వాళ్లింట్లో అందరూ కట్టుబడి మేస్త్రీలు, ఈయనొక్కడే సిమెంటు వాసన పడక ఇనుములోకి వచ్చాడట. చెయ్యి కన్నా నోరు ఎక్కువ ఆడే మనిషి. స్టీరింగుని రెండుసార్లు కదిలించి చూసి, "పెట్టె పోయిందక్కా. కొత్తది ఎయ్యాల," అన్నాడు.

"తెరిచి చూసినావా?"

"చూడాల్సిన పని లేదక్కా. ఇట్లాంటియి ఎన్ని చూసినాను."

"నువ్వు చూసినవన్నీ సరే. దీన్ని చూడలేదు గదా. డాక్టరు కూడా నాడి పట్టకుండా కాలు తియ్యమనడు."

ఆయన మా బావ వైపు చూశాడు. మగవాళ్లు అట్లా చూస్తారు, లోపల ఇంకో పెద్దకోర్టు ఉంటుందేమోనని. మా బావ తలుపు మీద పెచ్చు లేచిన రంగుని గోటితో గీకుతున్నాడు. అక్కడ అప్పీలు లేదని తెలిశాక మెకానిక్కు నిట్టూర్చి, బండిని గుంత మీదికి ఎక్కించమన్నాడు.

అలాంటి వెతుకులాటకి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని స్టీరింగుని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తుండాలి. ఇంకొకరు కింద నుంచి ఒక్కో కీలునీ చూస్తూ పోవాలి. ఏ కీలు దగ్గర ఒక పక్క కదిలి రెండో పక్క కదలదో అదే దొంగ. నేను పైన కూర్చున్నాను. ఆయన కింద.

"మెల్లిగక్కా. చల్ల చిలికినట్టు. అంతే. ఇంకా మెల్లిగ."

నేను చిలుకుతున్నాను. కింద నుంచి ఒక్కో మాట వస్తోంది. చక్రం దగ్గర కీలు ఒకటి అరిగింది, మార్చాల. రెండోది పరవాలేదు. కడ్డీ బాగుండాది. తర్వాత ఇనుముని తట్టిన చప్పుడు వచ్చింది. నేను చిలకడం ఆపి కిందికి తొంగి చూశాను.

"అక్కా, ఆపొద్దు. తిప్పు, తిప్పు. ఓహో. పెట్టె లోపల తప్పేమీ లేదక్కా. పెట్టే కదులుతాండాది."

"అంటే?"

"దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉండే బోల్టు లూజు. నువ్వు తిప్పితే చక్రాలకి ముందు ఈ పెట్టె తిరుగుతాండాది. ఇదేందిది... కుంకుమ? ఈడ బొట్టెవరు పెట్టినారు?"

నాకు చప్పున ఆయుధపూజ గుర్తొచ్చింది. ప్రతి ఏడూ బండి కడిగాక మేమంతా స్టీరింగుకి, బానెట్టుకి, చక్రాలకి బొట్లు పెడతాం. మామ మాత్రం నడుం పట్టుకుని వంగి, ముందు చక్రం వెనక చెయ్యి దూర్చి, లోపలెక్కడో ఒక బొట్టు పెట్టేవాడు. పాతకాలం వాళ్ల చాదస్తం అనుకునేవాళ్లం.

కింద స్పానరు చప్పుడు, తర్వాత మెకానిక్కు నవ్వు. గుంతలోంచి చెయ్యి పైకొచ్చింది. అందులో ఒక సన్నబోల్టు, దానికి చుట్టిన నూలు. పైన గ్రీజుతో నల్లగా ఉంది. ఆయన గోటితో ఒక పొర విప్పితే లోపల మా లుంగీ అంచు ఎరుపు, ఇంకా అంతే ఎర్రగా. "నూలా!" అన్నాను.

"ఎవుర్రా దాన్ని తీసినది?" షెడ్డు అదిరేట్టు అరిచాడు మామ. "పెట్టు లోపల! బండిని నిలబెట్టిందే అది!"

అప్పుడు బయటపడింది. ఎన్నో ఏళ్ల కిందట వాణియంబాడి దాటాక ఆ బోల్టు ఊడి ఎక్కడో పడిపోయింది. చుట్టుపక్కల అంగడి లేదు. బండిలో ఉన్నవి ఇంకో సన్నబోల్టు, మగ్గం మీద తెగి మిగిలిన నూలు. బోల్టుకి నూలు తడిపి చుట్టి, గట్టిగా దిగ్గొట్టి, ఇంటికి చేరాడు. చేరాక మార్చవలసిన పని కనబడలేదు.

"మగ్గంలో గూటం లూజయితే ఏం జేస్తాము? తడినూలు సుట్టి కొడ్తాము. మా నాయన కొట్టిన గూటం నేటికీ కదల్లేదు. నూలంటే ఏమనుకున్నారు?"

"మామా, మగ్గం ఇంట్లో కూర్చోనుంటాది. బండి రోడ్డు మీద పోతాది," అన్నాను.

"మగ్గం కూర్చోనుంటాదా? పొద్దన్నుంచి మాపటి దాకా ఎంత అదురుతాదో నువ్వు గుంతలో కూర్చుంటే గదా తెలిసేది. నువ్వు కాలేజీలో కూర్చున్నావు."

అది నిజమే. ఆయన మందు తప్పని కూడా అనలేం. ఇన్నేళ్లు బండిని పట్టి ఉంచింది ఆ నూలే. కానీ అక్కడ చిల్లు అరిగి అరిగి పొడుగయింది. వానల్లో నూలు తడిసి ఉబ్బి దాన్ని నింపేది. ఎండల్లో ఎండి ముడుచుకునేది. మామ చెప్పే ఎండాకాలం కోపం అదన్నమాట.

మామ మీద నాకు రావలసినంత కోపం రాలేదు, ఎందుకో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆయన నన్ను అబద్ధంగా నిందించలేదు. తాను చేసిన పని గట్టిదని ఆయన నమ్మకం. ఏటేటా దానికి బొట్టు పెట్టేంత నమ్మకం. బండి బాగున్నాక వంకర మిగిలేది నా చేతుల్లోనే కదా. నేనూ అంతే. నా చేతులు గట్టివని నమ్మి రోడ్డుని, బస్సుల్ని, ఎండని అనుమానించాను. ఇద్దరం వాదించుకోవడంలో ఆరితేరినవాళ్లం. కిందికి వంగి చూద్దామని ఇద్దరికీ తోచలేదు. వాదన బాగా నడుస్తున్నప్పుడు వంగి చూడబుద్ధి కాదు కూడా.

అరిగిన చిల్లుని వెల్డింగుతో పూడ్చి, కొత్తగా తొలిచి, సరిపోయే బోల్టు బిగించారు. అరిగిన కీలు మార్చారు. సాయంత్రమైంది. మెకానిక్కు పారేసిన నూలుని మామ వెతికి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబుకి గ్రీజు అంటింది. ఉతికేది నేనే.

గెలిచాననుకుంటూ తాళం తిప్పాను. బాగాయం దాటి పెద్దరోడ్డు ఎక్కేదాకే ఆ సంబరం. అలవాటు చొప్పున నా చేతులు జానెడు తిప్పాయి. ఈసారి బండి వెంటనే విన్నది. అటు దూకింది. భయపడి ఇటు లాగితే ఇటు దూకింది. వెనక లారీవాడు హారన్ మోగించాడు. మా బావ డ్యాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"నూలు తీసేస్తిరి గదా," అన్నాడు మామ వెనక నుంచి, ఎంతో ప్రశాంతంగా.

రోడ్డు పక్కన ఆపాను. నా చేతులు చూసుకున్నాను. బండిలో వదులు పోయింది, నా చేతుల్లో మిగిలిపోయింది. నేర్పు అనుకున్నదంతా ఆ వదులుని మోయడానికి చేతులు నేర్చుకున్న పని. ఇప్పుడు చేయవలసిన పని లేదు, అయినా చేతులు ఊరుకోవు. ఇది నాకు ఇంకెక్కడో కూడా తెలిసిన సంగతే అనిపించింది. పెళ్లయిన కొత్తలో మా బావ ప్రతి మాటా మింగేసేవాడు, లాగి లాగి చెప్పించాల్సి వచ్చేది. తర్వాత ఆయన కాస్త మాట్లాడడం నేర్చుకున్నాడు. నేను లాగడం మానలేదు.

"బావా, కళ్లు తెరువు," అన్నాను. "మెల్లిగా పోతాను."

"నువ్వు పో. నేను తెరిచినప్పుడు తెరుస్తాను."

స్టీరింగుని వేళ్లతో మాత్రమే పట్టుకుని, చేతులు ఆడబోయినప్పుడల్లా ఆపుకుంటూ, గుడియాత్తం దాకా ఎడ్లబండి వేగంతో వచ్చాను. ఇంట్లో దిగగానే మా బావ అమావాస్య ఇంక నాలుగు రోజులే అని గుర్తు చేశాడు. మామ చెప్పులు విడుస్తూ అన్నాడు, "తొందరపడొద్దు. రేపు నాట్రంపల్లిలో మనోళ్ల ఇంట్లో నిశ్చితార్థం ఉండాది. ఇది నన్ను తోల్కొని పోనీ. పోయి వచ్చినాక డ్రైవరు సంగతి నేను జెప్తాను."

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. మామ పట్టుబట్టి ముందు సీట్లో కూర్చున్నాడు, మా బావ సంతోషంగా వెనక్కి పోయాడు. ఆంబూరు దాటాం. మామ పరీక్ష పెట్టే అయ్యవారిలా ముందుకే చూస్తున్నాడు, ఆ చూపుకి లారీలు తప్ప ఏమీ ఆనవని తెలిసినా నేను నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. రోడ్డు తిన్నగా ఉంది. బండి తిన్నగా పోతోంది. నా చేతులు నిన్నటికన్నా మాట వింటున్నాయి.

వాణియంబాడి దగ్గర అద్దం చూడబోయి పక్కకి చూశాను. మామ చేతులు తొడల మీద ఉన్నాయి. పిడికిళ్లు బిగించి, లేని స్టీరింగుని పట్టుకుని, అటు కొంచెం, ఇటు కొంచెం. నా చేతులు ఇన్నేళ్లూ ఆడిన ఆటే, అదే లయ. నాకన్నా ముందు ఆ వదులుని మోసింది ఆయనే మరి. నూలు చుట్టి దిగ్గొట్టిన మరునాటి నుంచే ఆయన చేతులకి తెలుసు, ఆయనకే తెలియదు.

"మామా," అన్నాను, "చేతులు ఊరకుండనీ. బండి దానంతటదే పోతాది."

ఆయన తల వంచి తన చేతుల వైపు చూసుకున్నాడు. "నువ్వు రోడ్డు చూడు," అన్నాడు.

నాట్రంపల్లి ఊరి మొదట్లో టీ అంగడి దగ్గర ఆగాం. మా బావ ఫోను మోగింది. అరక్కోణం డ్రైవరే. అమావాస్య మరునాడు ఏ రైలుకి రావాలి అని అడుగుతున్నాడు. మా బావ ఫోనుని చేత్తో మూసి తండ్రి వైపు చూశాడు.

"వద్దని జెప్పు," అన్నాడు మామ టీ ఊదుకుంటూ.

"ఏం నాయనా? ఇది బాగా తోల్తాందా?"

"ఎవురు జెప్పినారు బాగా తోల్తాదని? వాడు వచ్చి తోల్తే ఇది పక్కనెక్కి కూర్చుంటాది. గుడియాత్తం నుంచి వేలూరు దాకా వానితో వాదిస్తానే ఉంటాది. పాపం, వాడు ఒక్కనాడు నిలబడడు. ఇదే తోలనీ. కనీసం కండ్లన్నా రోడ్డు మీదుంటాయి."

దానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. కానీ గ్లాసు కింద పెట్టి లేచి, బండెక్కి తాళం తిప్పాను. మామ పక్క సీట్లోకి ఎక్కి, సర్దుకుని, రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.